పాత స్పోర్ట్స్ కారుకు కొత్త స్టీరియో, నావిగేషన్: ఒరిజినల్ వైరు ఒక్కటీ కోయకుండా

స్పోర్ట్స్ కారు అంటే నేలకు ఆనుకుని పోయే రెండు డోర్ల బండే అనుకునేవాళ్లు నన్ను క్షమించాలి. 2000 తర్వాతి ఏళ్లలో మన వైపు కుర్రాళ్లు రోడ్డు పక్కన ఆగి మరీ చూసిన బండ్లు వేరు. 106 హార్స్‌పవర్ హోండా సిటీ వీటెక్, ఫోర్డ్ ఐకాన్ 1.6, మిత్సుబిషి సెడియా, ఫియట్ పాలియో 1.6 జీటీఎక్స్. వీటిలో పాలియో నా దగ్గరుంది. మహబూబ్‌నగర్‌లో కొని, జడ్చర్ల, కల్వకుర్తి మీదుగా నల్లగొండకు తెచ్చుకున్నాను. కల్వకుర్తి దాటేసరికి స్టీరియో మూగబోయింది. తెల్లారి చూస్తే బ్యాటరీ చచ్చి ఉంది.

డాష్‌బోర్డు విప్పితే సంగతి తెలిసింది. ఎప్పుడో ఎవరో ఒరిజినల్ కప్లర్‌ను, అంటే వైర్లన్నిటినీ సెట్టుకు కలిపే ప్లగ్గును, కోసి పారేసి, వైర్లన్నీ చేత్తో మెలిపెట్టి, పైన నల్ల టేపు చుట్టారు. మా ఎండలకు టేపు జిగురు కరిగి కారిపోయింది. వైర్లు ఒకదానికొకటి తగులుతున్నాయి. అది సరిచేయడానికి నాకు రెండు ఆదివారాలు పట్టింది. కొత్త సెట్టు బిగించడానికి పట్టింది ఒక పూటే. అందుకే ఇందులో స్క్రీన్ గురించి తక్కువ, వైర్ల గురించి ఎక్కువ ఉంటుంది.

కొనే ముందు: కారు కరెంటు చూడండి

ఓ మోస్తరు మల్టీమీటర్ ఒకటి కొనండి. ఈ పని మొత్తంలో వృథా కాని ఖర్చు అదొక్కటే అని నేను అనుకుంటాను.

రాత్రంతా ఆపి ఉంచిన కారు బ్యాటరీ మీద పొద్దున మీటర్ పెడితే 12.6 వోల్టుల దగ్గర చూపాలి. 12.2 చూపితే సగం ఖాళీ అయినట్టు. ఇంజన్ ఆన్ చేశాక 13.8 నుంచి 14.4 మధ్య రావాలి. హెడ్‌లైట్లు, ఏసీ వేశాక 13 కిందికి జారితే ఆల్టర్నేటర్ సంగతి ముందు తేల్చుకోవాలి. అంతదాకా స్టీరియో మాట ఎత్తొద్దు.

రెండోది, కారు ఆపి ఉన్నప్పుడు దొంగచాటుగా ఎంత కరెంటు పోతోందో చూడాలి. మీటర్‌ను 10 ఆంపియర్ల సాకెట్‌లో పెట్టి, బ్యాటరీ నెగటివ్ కేబుల్ విప్పి, కేబుల్‌కూ టెర్మినల్‌కూ మధ్య మీటర్ కలపండి. డోర్లు మూసి అరగంట ఆగండి. 50 మిల్లీ ఆంపియర్లలోపు ఉంటే బాగున్నట్టే. మీటర్ అలా ఉండగా పొరపాటున కూడా స్టార్టర్ కొట్టకండి, మీటర్ ఫ్యూజు ఎగిరిపోతుంది. నా కారులో 300 మిల్లీ ఆంపియర్లు పోతోంది. 45 ఆంపియర్ అవర్ల బ్యాటరీ నుంచి రోజుకు 7 పైచిలుకు పోయినట్టు లెక్క. మూడో రోజుకు సగం ఖాళీ. అప్పటికే నీరసంగా ఉన్న బ్యాటరీ అయితే ఒక్క రాత్రి కూడా ఆగదు, నాది ఆగలేదు. ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ మీటర్ చూడండి. ఏ ఫ్యూజు తీస్తే అంకె పడిపోతుందో దొంగ ఆ లైన్లో ఉన్నాడు.

ఏ సెట్టు కొనాలి

ముందు డాష్‌బోర్డులో సెట్టు కూర్చునే కన్నం కొలవండి. ఆ కన్నం సైజుల పేరే డిన్. సింగిల్ డిన్ అయితే సుమారు 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 ఎత్తు ఉంటుంది. డబుల్ డిన్‌లో వెడల్పు అంతే, ఎత్తు 100. లోతు కొలవడం చాలామంది మరిచిపోతారు. వెనకాల ఏసీ పైపో, కప్లర్ల గుత్తో అడ్డం వస్తే సెట్టు ఒక వేలు బయటికి నిలబడుతుంది.

పాత కార్లలో ఎక్కువగా సింగిల్ డినే ఉంటుంది. అక్కడ మీ ముందు మూడు దారులుంటాయి. డాష్‌బోర్డు కోసి డబుల్ డిన్ పెట్టించడం మొదటిది. "అన్నా, అరగంటలో కోసిస్త" అనే తమ్ముళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. కోయించకండి. ఇరవై ఏళ్లు దాటిన ప్లాస్టిక్ పెళుసుగా ఉంటుంది, పగులు ఎక్కడిదాకా పోతుందో చెప్పలేం. ఈ కార్ల డాష్‌బోర్డులు ఇప్పుడు కొత్తవి దొరకవు. రెండోది, సింగిల్ డిన్ బాడీకి ముందు వైపు 7 నుంచి 10 అంగుళాల స్క్రీన్ తగిలించిన ఫ్లోటింగ్ సెట్టు. మూడోది, మామూలు సింగిల్ డిన్ బ్లూటూత్ సెట్టు, పక్కన మంచి ఫోన్ హోల్డర్.

నిజం చెప్పాలంటే చాలామందికి మూడోదే సరిపోతుంది. చవగ్గా అవుతుంది, కారు రూపం చెడదు, ఫోన్ మారితే నావిగేషన్ కూడా దానంతటదే కొత్తదవుతుంది. నేను మాత్రం రెండో దారి పట్టాను. మే నెలలో 44 డిగ్రీల ఎండలో, అద్దం వెనక ఫోన్ వేడెక్కి ఆరిపోవడం రెండుసార్లు చూశాక ఆ హోల్డర్ మీద నాకు నమ్మకం పోయింది. స్క్రీన్ 7 అంగుళాలకు మించొద్దు. అట్టముక్కను ఆ కొలతకు కత్తిరించి డాష్‌బోర్డుకు ఆనించి చూడండి. ఏసీ గాలి, హజార్డ్ స్విచ్, గేర్ రాడ్ మూడో గేరు చోటు, వీటిలో దేన్నీ అది కప్పకూడదు. 10 అంగుళాలది పెట్టుకున్న నా స్నేహితుడు ఇప్పుడు హజార్డ్ లైట్ వేయాలంటే స్క్రీన్ వెనక్కి చెయ్యి దూర్చి తడుముకుంటాడు.

చవక ఆండ్రాయిడ్ పెట్టెల మీద రాసే ర్యామ్ లెక్కల్ని నమ్మొద్దు. సెట్టింగ్స్‌లో చూపే అంకెను కూడా మార్చి అమ్మేవాళ్లున్నారు. ఆండ్రాయిడ్ ఆటో, కార్‌ప్లే నేరుగా ఉన్న సెట్టయితే ఆలోచించే పనంతా ఫోనే చేస్తుంది, స్క్రీన్ చూపిస్తుంది అంతే. ఈ రకమే ఎక్కువ కాలం నడుస్తుంది. డబ్బా మీద "50 వాట్లు ఇంటూ 4" అని ఉంటే అది పీక్ లెక్క, ఒక్క క్షణం అందే శక్తి. నిలకడగా ఇవ్వగలిగేది ఆర్‌ఎంఎస్ అని వేరే రాసుంటుంది, ఒక్కో ఛానెల్‌కు 20 వాట్ల అటూ ఇటూ. స్పీకర్లు కొనేటప్పుడు ఆ రెండో అంకెనే చూడాలి.

సెట్టుతో పాటు మీ కారు మోడల్‌కు సరిపోయే వైరింగ్ అడాప్టర్, అంటే ఒక పక్క కారు కప్లర్, ఇంకో పక్క సెట్టు కప్లర్ ఉన్నది, తప్పకుండా తీసుకోండి. యాంటెన్నా పిన్ అడాప్టర్ కూడా. మన ఊళ్లో దొరక్కపోతే హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో ఒక చుట్టు తిరగండి. సెట్టు నుంచి యాంప్లిఫయర్‌కు పాటను మోసే ఆర్‌సీఏ కేబుళ్లు, స్పీకర్ వైరు కూడా అక్కడే చూసుకోవచ్చు. వైరు కొనేటప్పుడు ఒక కొస గీకి చూడండి. లోపల తెల్లగా మెరిస్తే అది రాగి పూత పూసిన అల్యూమినియం.

పాత సెట్టు తీయడం

బ్యాటరీ నెగటివ్ విప్పండి, 10 నంబర్ స్పానర్ చాలు. ఎయిర్‌బ్యాగ్ ఉన్న కారైతే ఆ తర్వాత పది నిమిషాలు చాయ్ తాగి రండి. ఒరిజినల్ సెట్టే ఉంటే దాని కోడ్ కాగితం ఎక్కడుందో ముందే చూసుకోండి. బ్యాటరీ తీశాక కోడ్ అడిగే సెట్లు ఉంటాయి, రేపు కారు అమ్మేటప్పుడు అది పనికొస్తుంది.

సెట్టు ముఖానికి రెండు పక్కలా చిన్న రంధ్రాలు కనిపిస్తే, వాటిలోకి యు ఆకారపు కీలు దూర్చి టిక్ అనే దాకా నొక్కి లాగాలి. స్క్రూడ్రైవర్‌తో పీకితే ఫ్రేము వంగుతుంది. రంధ్రాలు లేని వాటికి చుట్టూ ఉన్న ప్లాస్టిక్ ఫ్రేము ఊడాలి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ప్లాస్టిక్ పెళుసుగా ఉంటుంది, కారును కాసేపు ఎండలో పెట్టి మొదలుపెట్టండి. ప్రతి దశలో ఫోన్‌తో ఫొటో తీయండి. స్క్రూలను ఏ భాగం నుంచి తీశారో రాసి, విడివిడి గిన్నెల్లో వేయండి.

వైర్లు: ఇక్కడ తొందరపడొద్దు

మార్కెట్లో దొరికే సెట్ల వైర్లకు రంగుల సంప్రదాయం ఒకటుంది. పసుపు ఎప్పుడూ 12 వోల్టులు ఉండేది, గడియారం, సెట్టింగులు గుర్తుండేది దీనివల్లే. ఎరుపు కీ తిప్పితేనే వచ్చే ఏసీసీ లైను. నలుపు ఎర్త్. నీలం యాంటెన్నాకు. నీలం మీద తెల్ల గీత ఉంటే యాంప్లిఫయర్‌ను లేపేది. స్పీకర్లకు తెలుపు ముందు ఎడమ, బూడిద రంగు ముందు కుడి, ఆకుపచ్చ వెనక ఎడమ, ఊదా వెనక కుడి. ప్రతి జతలో నల్ల గీత ఉన్నది నెగటివ్.

ఇదంతా సెట్టు వైపు. కారు వైపు రంగుల్ని నమ్మకండి, ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి. యూరప్ కార్లలో సాధారణంగా ఎనిమిదేసి పిన్నుల ఐఎస్‌ఓ కప్లర్లు రెండుంటాయి. కరెంటు కప్లర్‌లో నాలుగో పిన్ పర్మనెంట్, ఐదు యాంటెన్నా, ఆరు లైటు, ఏడు ఏసీసీ, ఎనిమిది ఎర్త్. కొన్ని కార్లలో నాలుగు, ఏడు అటూ ఇటూ మారి ఉంటాయి. అప్పుడు కీ తీసిన ప్రతిసారీ సెట్టు అన్నీ మరిచిపోయి మళ్లీ మొదటికి వస్తుంది. సెట్టు పాడైందని షాపుకు పరుగెత్తేవాళ్లలో సగం మంది బాధ ఇదేనని నా అనుమానం. చాలా అడాప్టర్లలో పసుపు, ఎరుపు వైర్ల మధ్య చిన్న బుల్లెట్ జాయింట్లు ఇచ్చేది దీనికే. రెంటినీ మార్చి కలిపితే సరి.

కాసేపు బ్యాటరీ మళ్లీ కలిపి, మీటర్‌తో చూసుకోండి. కీ లేకుండా 12 వోల్టులు చూపేది పసుపుకు, కీ మొదటి మెట్టుకు తిప్పాకే చూపేది ఎరుపుకు. రెండూ రాసుకుని బ్యాటరీ మళ్లీ విప్పేయండి.

నాలా కప్లర్ కోసేసిన కారైతే పాత బండ్ల స్క్రాప్‌లో ఆ కప్లర్‌ను వెతికి, దాని వైర్లను అతకాలి. టంకం వేసి హీట్ ష్రింక్ ట్యూబ్ వేయండి, లేదా సరైన క్రింపింగ్ ప్లయర్‌తో నొక్కిన స్లీవ్ వాడండి. టంకం వేసిన చోట వైరు బిరుసుగా మారి, అదురుకు అక్కడే విరగొచ్చు. కాబట్టి జాయింట్లన్నీ గుత్తిగా చేసి పక్కనున్న వైరింగ్‌కు కట్టేయాలి, గాలికి ఊగకూడదు. జాయింట్లన్నీ ఒకే చోట రాకుండా ఒకటి పైన, ఒకటి కింద పడేట్టు వేస్తే ఒకవేళ తొడుగు ఊడినా ఒకటినొకటి తగలవు.

స్పీకర్ నెగటివ్ వైర్లను ఎప్పుడూ బాడీకి కలపొద్దు. చాలా పాత కార్లలో అన్ని స్పీకర్ల నెగటివ్‌లూ కలిసి బాడీకి పోతాయి. ఇప్పటి సెట్లలో స్పీకర్ వైర్లు రెంటిలోనూ వోల్టేజి ఉంటుంది. ఒకటి బాడీకి తగిలిందా, లోపలి ఐసీ పోయినట్టే. అనుమానం ఉంటే స్పీకర్లకు కొత్త వైర్లు లాగడమే మేలు.

ఎర్త్ మాట. సెట్టు ఫుల్ సౌండ్‌లో పాడుతున్నప్పుడు సెట్టు లోహపు బాడీకి, బ్యాటరీ నెగటివ్‌కు మధ్య వోల్టేజి కొలవండి. 0.1 వోల్టు దాకా పర్వాలేదు. 0.3 దాటితే ఎర్త్ పాయింట్ దగ్గర పెయింటు గీకి, తుప్పు తుడిచి, స్టార్ వాషర్‌తో బిగించాలి. గోవాలో తయారైన శాన్ స్టార్మ్ అనే చిన్న స్పోర్ట్స్ కారు మీ దగ్గరుంటే మీ అదృష్టానికి అసూయపడుతూనే ఒక మాట: దాని బాడీ ఫైబర్. బాడీకి ఎర్త్ అనే మాటే ఉండదు, ఛాసిస్ నుంచో బ్యాటరీ నుంచో విడిగా వైరు తెచ్చుకోవాలి. ఎఫ్‌ఎం యాంటెన్నా కింద లోహపు రేకు కూడా కావాలి. బదులుగా ఒక లాభం ఉంది, జీపీఎస్ యాంటెన్నాను ఫైబర్ కింద దాచిపెట్టినా సిగ్నల్ వస్తుంది.

స్పీకర్లు

ముందు డోర్లలో ఎక్కువగా 6.5 అంగుళాలవి పడతాయి. కొనే ముందు డోరు ప్యాడ్ విప్పి, అద్దం పూర్తిగా కిందికి దించి, స్పీకర్ వెనక మాగ్నెట్‌కు ఎంత లోతు మిగిలిందో చూడండి. చాలకపోతే ప్లైవుడ్ రింగు కోయించి స్పీకర్‌ను కాస్త ముందుకు తేవచ్చు. వానకు ఉబ్బకుండా దానికి వార్నిష్ పట్టించాలి. డోరు లోపలి పాలిథిన్ షీటును చింపి పారేయకండి. అది లేకపోతే వాననీళ్లు ప్యాడ్‌లోకి, అక్కడి నుంచి కాళ్ల కింది మ్యాట్‌లోకి వస్తాయి.

స్పీకర్ ప్లస్, మైనస్ తెలియకపోతే గోడ గడియారంలో వేసే 1.5 వోల్టుల సెల్లును ఒక క్షణం తాకించండి. కోను బయటికి దూకితే సెల్లు ప్లస్ తగిలిన కొస ప్లస్. ఒక డోరు సరిగ్గా, ఇంకో డోరు తిరగేసి కలిపితే డోలు దెబ్బ మాయమై, పాట రేకుల షెడ్డులో మోగినట్టుంటుంది.

డబ్బు కొద్దిగానే మిగిలితే యాంప్లిఫయర్ కంటే ముందు డోర్లకు రేకు అదురును అణిచే బ్యూటైల్ షీట్లు వేయండి. బయటి రేకు లోపలి వైపు, స్పీకర్ ఎదురుగా మొదటి షీటు, తర్వాత లోపలి రేకులోని పెద్ద కన్నాలు మూస్తూ మిగతావి. డోరు అడుగున నీళ్లు పోయే రంధ్రాలు మాత్రం మూయొద్దు. అవే స్పీకర్లలో డోలు, డప్పు కొత్తగా వినిపిస్తాయి. ఊఫర్ పెట్టి డిక్కీ మొత్తం గడగడలాడించే బండ్లను మన బారాత్‌లలో చూస్తూనే ఉన్నాం, అందులో సగం మోత నంబర్ ప్లేటుదే.

యాంప్లిఫయర్ పెడితే లెక్క ఇలా. నాలుగు ఛానెళ్లు, ఒక్కోటి 50 వాట్లు, మొత్తం 200. మామూలు ఏబీ క్లాస్ యాంప్ తీసుకున్న కరెంటులో 60 శాతమే సౌండుగా మార్చుతుంది అనుకుంటే 330 వాట్ల దాకా, అంటే 24 ఆంపియర్లు కావాలి. దీనికి 8 గేజ్ రాగి వైరు, 30 ఆంపియర్ల ఫ్యూజు. ఆ ఫ్యూజు బ్యాటరీ నుంచి జానెడున్నర దూరంలోపే ఉండాలి. ఎందుకంటే అది కాపాడేది యాంప్‌ను కాదు, ఇంజన్ నుంచి లోపలికి వచ్చే వైరును. వైరు లోపలికి దూరే రంధ్రానికి రబ్బరు గ్రొమెట్ లేకపోతే రేకు అంచు తొడుగును కోసుకుంటూ పోతుంది. కరెంటు వైరు ఒక పక్క నుంచి, ఆర్‌సీఏ కేబుళ్లు ఇంకో పక్క నుంచి లాగండి.

నావిగేషన్

సెట్టుతో వచ్చే జీపీఎస్ యాంటెన్నా చిన్న అగ్గిపెట్టెలా ఉంటుంది. బల్లపరుపుగా, ముఖం ఆకాశం వైపు పెట్టాలి. ప్లాస్టిక్ డాష్‌బోర్డు పై పొర కింద పెట్టినా పనిచేస్తుంది, లోహం కింద పెడితే చేయదు. మిగిలిన కేబుల్‌ను కరెంటు వైర్లతో కలిపి చుట్టొద్దు. చవక రకం డ్యాష్‌క్యామ్, సిగరెట్ లైటర్ ఛార్జర్ దగ్గర్లో ఉంటే జీపీఎస్, ఎఫ్‌ఎం రెండూ దెబ్బతింటాయి. సిగ్నల్ రాకపోతే మొదట వాటిని పీకి చూడండి. మొదటిసారి ఆన్ చేశాక చెట్టు నీడ లేని చోట పది పదిహేను నిమిషాలు కారును కదిలించకుండా ఉంచండి.

బయటి మైకును స్టీరింగ్ కాలమ్ మీద పెడితే ఏసీ గాలి మోతే అవతలివాళ్లకు వినిపిస్తుంది. డ్రైవర్ వైపు సన్‌వైజర్ పైన, ముందు పిల్లర్ మొదట్లో పెట్టి చూడండి. రివర్స్ కెమెరా పెడితే వెనక రివర్స్ లైటు 12 వోల్టులను సెట్టు రివర్స్ వైరుకు తేవాలి. హ్యాండ్‌బ్రేక్ వైరును మాత్రం హ్యాండ్‌బ్రేక్ స్విచ్‌కే కలపండి. షాపుల్లో దాన్ని నేరుగా ఎర్త్‌కు తగిలించి నడుస్తుండగా వీడియో వచ్చేలా చేస్తారు, నేను వద్దన్నాను. 2020 అక్టోబర్ నుంచి అమల్లో ఉన్న నిబంధన కూడా చేతి ఫోన్లను డ్రైవర్ దృష్టి చెదరకుండా, దారి చూసుకోవడానికి మాత్రమే వాడమంటోంది.

మన జిల్లాల్లో తిరిగేవాళ్లు ఆఫ్‌లైన్ మ్యాపు తప్పకుండా దింపుకోవాలి. ఉపగ్రహాలు దొరకడం వేరు, మ్యాపు దొరకడం వేరు. నల్లగొండ నుంచి దేవరకొండ, డిండి మీదుగా శ్రీశైలం పోయేటప్పుడు మన్ననూరు దాటాక నల్లమలలో ఫోన్ సిగ్నల్ పోతుంది. బాణం కదులుతూనే ఉంటుంది, చుట్టూ మాత్రం తెల్ల కాగితం. ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు, శ్రీశైలం దాకా ఒకే ముక్కగా దింపుకుని, అప్పుడప్పుడు అప్‌డేట్ చేయండి. ఇంకో సంగతి, మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసి ఉంటుంది. మ్యాపు మాత్రం రాత్రి పదింటికి కూడా ఆ దారినే ధీమాగా చూపించగలదు.

మూయక ముందు

అన్నీ కలిపాక డాష్‌బోర్డు బిగించే ఆత్రం ఆపుకోండి. సెట్టును గుడ్డ మీద పెట్టి ఒక్కోటి పరీక్షించండి. బ్యాలెన్స్ (ఎడమ, కుడి), ఫేడర్ (ముందు, వెనక) తిప్పి ప్రతి స్పీకర్ విడిగా వినండి. హెడ్‌లైట్ వేస్తే స్క్రీన్ వెలుగు తగ్గాలి. కీ తీస్తే పూర్తిగా ఆరిపోవాలి. తర్వాత మొదట కొలిచిన దొంగ కరెంటును మళ్లీ కొలవండి. నాది 300 నుంచి 28కి వచ్చింది.

ఇంజన్ వేగంతో పాటు పెరిగే సన్నని కూత వస్తే అది ఆల్టర్నేటర్ శబ్దం. ఎర్త్ పాయింట్ మార్చి చూడండి, తర్వాత ఆర్‌సీఏ కేబుల్ దారి మార్చండి. ఫోన్ ఛార్జింగ్‌లో ఉండి ఆక్స్ కేబుల్‌తో పాట పెట్టినప్పుడే కూత వస్తే తప్పు ఛార్జర్‌ది. ఎఫ్‌ఎం మాత్రమే నీరసంగా వస్తే నీలం వైరు చూడండి, కొన్ని కార్లలో యాంటెన్నా మొదట్లో చిన్న బూస్టర్ ఉంటుంది, దానికి ఆ వైరు నుంచే కరెంటు అందాలి.

ఫ్లోటింగ్ స్క్రీన్ బరువంతా ముందుకు వేలాడుతుంది. సెట్టు వెనక బోల్టుకు రంధ్రాల లోహపు పట్టీ ఒకటి బిగించి, లోపలి ఫ్రేముకు కలపండి. అది లేకుండా మా వీధి స్పీడ్ బ్రేకర్ దాటితే స్క్రీన్ తల ఊపేది.

సౌండ్ సెట్టింగ్

ఈక్వలైజర్ అంతా సున్నాలో పెట్టి మొదలుపెట్టండి. డోరు స్పీకర్లకు హై పాస్, అంటే లోతు శబ్దాలను ఆపే ఫిల్టర్, 80 హెర్ట్జ్ దగ్గర పెడితే అవి మోయలేని లోతు శబ్దాల కోసం గింజుకోవు, గొంతు స్పష్టమవుతుంది. అన్ని స్పీకర్ల శబ్దం ఒకేసారి చెవికి చేరేలా చేసే టైమ్ అలైన్‌మెంట్ ఉన్న సెట్టయితే టేపు తీసుకుని మీ చెవి నుంచి ఒక్కో స్పీకర్ దూరం కొలవండి. కుడి డోరు 90 సెంటీమీటర్లు, ఎడమ డోరు 140 అనుకుంటే తేడా 50. శబ్దం మిల్లీసెకనుకు 34 సెంటీమీటర్లు పోతుంది కాబట్టి కుడి స్పీకర్‌ను 1.5 మిల్లీసెకన్లు ఆలస్యం చేయాలి. పాడేవాళ్లు మీ కుడి మోకాలి దగ్గర నుంచి లేచి డాష్‌బోర్డు మధ్యకు వచ్చి కూర్చుంటారు.

పరీక్షకు రెండు రకాల రోడ్లు కావాలి. నార్కట్‌పల్లి దగ్గర 65వ నంబర్ హైవే ఎక్కి వంద దగ్గర స్థిరంగా పోతే గాలి, టైర్ల మోతలో గొంతు వినిపిస్తోందో లేదో తెలుస్తుంది. ఊళ్ల మధ్య గతుకుల రోడ్డు మీద పోతే ఎక్కడ ఏ ప్లాస్టిక్ కిర్రుమంటోందో తెలుస్తుంది. కిర్రుమన్న చోట ఫెల్ట్ ముక్క అంటించండి. నా కారులో అన్నీ ఆగాయి, గ్లోవ్ బాక్సులోంచి ఒకటి మాత్రం వారం దాకా ఆగలేదు. తీరా చూస్తే అది నేను దాచిన యు కీల జత.